అమ్మ నిద్ర
1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద భూస్వాములు పడ్డారు. ఆరుగుర్ని చంపారు. ఆడోళ్లను చెరిచారు. బతికినోళ్లు చీరాలకు పరుగు తీశారు. అమ్మ నన్ను చంకనేసుకుని ఆ గుంపులోనే నడిచింది.

శిబిరంలో రాత్రిపూట చిన్న చప్పుడైనా దిగ్గున లేచి నా నోరు మూసేది. దడుపన్నారు, తాయెత్తు కట్టారు. అమెరికా డాక్టర్లు 1980లోనే ఈ బాధను జబ్బుగా రాసుకున్నారు. ఆ మాట మాదాకా రాలేదు.

వచ్చినోళ్లంతా "ఏం జరిగిందో చెప్పమ్మా" అనేవాళ్లు. చెప్పిన రాత్రి అమ్మకు నిద్రుండేది కాదు. ఒక ముసలమ్మ మాత్రం "కూడు తిన్నావా అమ్మాయ్?" అనడిగేది. ఆమె దగ్గరే అమ్మ మొదటిసారి ఏడ్చింది.

సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. కేసుకు సాక్ష్యం కావాలి, నిజమే. కానీ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కలం తీసేముందు పక్కన కూర్చోండి. చెప్పలేనంటే బలవంతం చేయకండి. రాత్రికి ఒంటరిగా వదలకండి.