పలుచని పొరల చరిత్ర: లోహంలో స్పిన్ జాడ

లార్డ్ కెల్విన్‌గా తరువాత ప్రసిద్ధుడైన విలియం థామ్సన్, ఇనుము, నికెల్ ముక్కలను అయస్కాంతీకరించిన దిశను బట్టి వాటి విద్యుత్ నిరోధం కొద్దిగా హెచ్చుతుందని, తగ్గుతుందని 1857లో వెల్లడించాడు. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు. ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశంతో పాటు స్పిన్ అనే సహజ కోణీయ ద్రవ్యవేగం ఉందని, దానివల్ల అది అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని లైడెన్‌లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ప్రతిపాదించినది 1925లో.

అయస్కాంత లోహంలో విద్యుత్తు ఒకే ప్రవాహం కాదని, స్పిన్ ‘పైకి’ ఉన్న ఎలక్ట్రాన్లు ఒక పాయగా, ‘కిందికి’ ఉన్నవి మరొక పాయగా సాగుతాయని, ఒక పాయకు ఎదురయ్యే అడ్డంకులు రెండోదానికంటే తక్కువని 1936లో నెవిల్ మాట్ సూచించాడు. ఈ ఊహను 1960ల చివర ఫ్రాన్స్‌లో ఆల్బెర్ ఫెర్, ఇయన్ కాంప్‌బెల్ నికెల్ మిశ్రలోహాలపై పరీక్షించి బలపరచారు. కాబట్టి పలుచని అయస్కాంత పొరలలో నిరోధం ఒక్కసారిగా పడిపోతుందని 1988లో బయటపడిన ఫలితానికి కావలసిన సిద్ధాంతంలో ముఖ్యభాగం ఇరవై ఏళ్ల ముందే సిద్ధంగా ఉంది. లేనిది దానికి తగిన వస్తువు. ఎలక్ట్రాన్ తన గమనంలో ఢీకొనకుండా సాగే దూరం లోహంలో కొన్ని నానోమీటర్లు మాత్రమే గనుక (నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు), రెండు పాయల తేడా బయటపడాలంటే అయస్కాంత పొరలను అంతే పలుచగా పేర్చగలగాలి.

అత్యల్ప పీడనంలో పరమాణువుల ధారను ఫలకంపై మెల్లగా పేర్చే పద్ధతి 1980లలో ఆ కొరత తీర్చింది. జర్మనీలోని యూలిష్‌లో పీటర్ గ్రున్‌బెర్గ్, రెండు ఇనుప పొరల మధ్య పలుచని క్రోమియం పొర ఉంటే వాటి అయస్కాంత దిశలు పరస్పరం విరుద్ధంగా అమరగలవని 1986లో చూపించాడు. అలా విరుద్ధంగా ఉన్నప్పుడు రెండు పాయలకూ ఏదో ఒక పొరలో అడ్డు తగులుతుంది. బయటి అయస్కాంత క్షేత్రంతో దిశలను ఒకటి చేస్తే ఒక పాయ రెండు పొరలలోనూ సాఫీగా సాగి నిరోధం పడిపోతుంది. 1988లో ఫెర్ బృందం పదుల సంఖ్యలో పొరలను పేర్చి, 4.2 కెల్విన్ అతిశీతలంలో నిరోధాన్ని దాదాపు సగానికి తగ్గించింది. గ్రున్‌బెర్గ్ మూడే పొరలతో గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 1.5 శాతం మార్పు చూశాడు. ఇద్దరికీ 2007లో నోబెల్ బహుమతి లభించింది. ఫెర్ బృందపు వ్యాసంలో మొదటి పేరు బ్రెజిల్ శాస్త్రవేత్త మారియో బైబిచ్‌ది; ఆ పేరు ఇప్పుడు అరుదుగానే వినిపిస్తుంది.

అయితే పరిశ్రమకు అంత ఖరీదైన, అంత నెమ్మదైన పద్ధతి పనికిరాదు. కాలిఫోర్నియాలోని ఐబీఎం ఆల్మడెన్ ప్రయోగశాలలో స్టూవర్ట్ పార్కిన్, అయాన్లతో లోహాన్ని తాకించి పరమాణువులను రాల్చే స్పటరింగ్ అనే చవక పద్ధతితోనూ ఇవే ఫలితాలు రాబట్టవచ్చని నిరూపించాడు. దాని ఫలంగా 16.8 గిగాబైట్ల హార్డ్ డిస్కులో, అయస్కాంత దిశలను బట్టి నిరోధం మారే ఈ ప్రభావంపై పనిచేసే రీడింగ్ హెడ్‌ను ఐబీఎం 1997లో అమ్మకానికి తెచ్చింది. విశ్వవిద్యాలయ ఫలితం తొమ్మిదేళ్లలో సరుకుగా మారడానికి ఈ చవక పద్ధతే ప్రధాన కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇదే కథ మరొక రూపంలో అంతకుముందే మొదలై ఆగిపోయింది. రెండు అయస్కాంత లోహాల మధ్య విద్యుత్ బంధక పొర ఉన్నా, క్వాంటం నియమాలను అనుసరించి ఎలక్ట్రాన్లు దాన్ని దాటగలవు. దీన్నే టన్నెలింగ్ అంటారు. దాటే ప్రవాహం అయస్కాంత దిశలను బట్టి 14 శాతం వరకూ మారిందని ఫ్రాన్స్‌లోని రెన్‌లో మిషెల్ జూలియేర్ 1975లోనే తెలిపినా, దోషరహితమైన బంధక పొరను నమ్మకంగా తయారుచేయడం సాధ్యం కాక ఆ వ్యాసం దాదాపు ఇరవై ఏళ్లు మరుగున పడింది. 1995లో ఎంఐటీలో భారతీయ సంతతి శాస్త్రవేత్త జగదీశ్ మూడెర, జపాన్‌లోని తొహోకులో మియజాకి బృందం అల్యూమినియం ఆక్సైడ్ పొరతో గది ఉష్ణోగ్రత వద్దే పదిశాతానికి మించిన మార్పు సాధించిన తరువాతే ఆ పాత వ్యాసాన్ని అందరూ మళ్లీ తెరిచారు. మెగ్నీషియం ఆక్సైడ్‌తో 2004లో ఈ మార్పు 200 శాతం దాకా వెళ్లింది.

అణువుల విషయం వేరు. ఇజ్రాయెల్‌లో రాన్ నామన్ బృందం 1999 నుంచి, కుడి ఎడమల భేదం గల అణువులు అయస్కాంతం లేకుండానే ఎలక్ట్రాన్లను స్పిన్‌ను బట్టి వడపోస్తాయని చూపుతూ వచ్చింది. 2011లో బంగారంపై అమర్చిన జంటపేటల డీఎన్ఏలో దాదాపు 60 శాతం వడపోత కనిపించింది. కార్బన్ వంటి తేలిక పరమాణువులలో స్పిన్‌కూ గమనానికీ సంబంధం బలహీనమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి కనుక, ఇంత పెద్ద ప్రభావం ఎక్కడిదన్న వాదం ఇంకా తెగలేదు.