కోటిలింగాల

జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలో, పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట, నదికి దక్షిణపు గట్టున ఉన్న గ్రామం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. భక్తులకిది కోటేశ్వరస్వామి క్షేత్రం. చరిత్రకారులకు మాత్రం శాతవాహనుల మొదటి రాజు పేరున్న నాణేలు దొరికిన దిబ్బ.

క్షేత్ర కథను ఊరివాళ్లు ఇలా చెబుతారు. మునులు ఇక్కడ కోటి లింగాలను ప్రతిష్ఠించాలని సంకల్పించారు. ఒక్కటి తక్కువపడితే హనుమంతుణ్ని కాశీకి పంపారు. ముహూర్తం ముంచుకొస్తున్నా ఆయన రాలేదు. చేసేదేమీ లేక గోదావరి ఇసుకతోనే లింగాన్ని చేసి నిలిపారు. రామేశ్వరం కథ విన్నవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. పవిత్ర నదీతీరాల్లో ఇలాంటి కథలు ఊరూరా వినబడతాయి. మహాశివరాత్రికి ఇక్కడ జాతర సాగుతుంది. కార్తీకంలో నదీస్నానాలకు జనం వస్తారు.

పాళీ గ్రంథం సుత్తనిపాతంలోనూ ఈ నదీతీరపు ముచ్చట ఒకటుంది. కోసల నుంచి దక్షిణాపథానికి వచ్చిన బావరి అనే బ్రాహ్మణుడు అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడు. తన పదహారుగురు శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడు. వాళ్లు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయినిల మీదుగా నడిచి వెళ్లారు. ఆ ఆశ్రమం నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదన్‌కుర్తి అని కొందరి నమ్మకం. కోటిలింగాల పరిసరాల్లోనే ఉండేదని వాదించినవారూ ఉన్నారు. గ్రంథంలోని వర్ణనతో ఒక ఊరిని తేల్చి చెప్పడం కష్టం.

ఊరి పేరును చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కించినవి 1970లలో వెలుగుచూసిన నాణేలు. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ ఓపికగా సేకరించిన వాటిని శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించారు. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. కొన్నింటి మీద గోభద, నారణ, కంవాయ, సిరివాయ, సమగోప అనే స్థానిక రాజుల పేర్లున్నాయి. ఏ పురాణంలోనూ, ఏ శాసనంలోనూ కనిపించని ఈ పాలకుల ఉనికికి ఆధారం అరచేతిలో ఇమిడే ఈ లోహపు ముక్కలే. మరికొన్నింటి మీద ఉన్న పేరు ‘సిరి ఛిముక సాతవాహన’.

ఆ పేరు అప్పటికే పండితులకు తెలుసు. కణ్వ వంశపు చివరి రాజు సుశర్మను కూల్చి రాజ్యానికి వచ్చిన ఆంధ్రుణ్ని మత్స్య పురాణం శిశుకుడంటుంది, మిగతా పురాణాలు సింధుకుడనీ, శిప్రకుడనీ అంటాయి. అతను 23 ఏళ్లు ఏలాడనీ, వంశం మొత్తం 460 ఏళ్లు సాగిందనీ మత్స్యం లెక్క. పుణె జిల్లా జున్నర్ దగ్గరి నానేఘాట్ గుహలో ‘రాయా సిముక సాతవాహనో’ అని చెక్కిన పేరు ఉంది. దాని పైనుండే విగ్రహం ఎప్పుడో పోయింది. పురాణాల్లోని పేరుకు, నానేఘాట్ రాతికి గోదావరి ఒడ్డు నాణెం తోడైంది.

1979లో అప్పటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ డా. వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలుపెట్టింది. మట్టికోట గోడ, ఇటుక కట్టడాలు, కాల్చిన మట్టి వరలతో కట్టిన బావులు బయటపడ్డాయి. ఇది పల్లె కాదు, పట్టణమని అప్పుడు రుజువైంది.

అంతమాత్రాన ఇదే శాతవాహనుల తొలి రాజధాని అనవచ్చా? తెలంగాణ పండితులు చాలామంది అవునంటారు. మహారాష్ట్ర వైపు వారు ప్రతిష్ఠానాన్ని, అంటే నేటి పైఠాన్‌ను, వదులుకోరు. నాణేలపై ఉన్న ఛిముకుడు వంశకర్త కాదు, అదే పేరున్న తర్వాతి రాజని అన్నవారూ ఉన్నారు. నాణేల్లో చాలా భాగం పైమట్టిలో దొరకడం వాళ్లకు కలిసొచ్చింది. అయితే సిముకునికి ముందరి స్థానిక రాజుల వరుస కూడా ఇక్కడే దొరకడం కోటిలింగాల పక్షానికి గట్టి బలం. వంశం ఇక్కడే తల ఎత్తిందనడానికి ఇంతకంటే మంచి ఆధారం మరోచోట లేదు.

శాతవాహనుల తర్వాత వేములవాడ చాళుక్యులు, కాకతీయులు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు ఈ ప్రాంతాన్ని ఏలారు. ఆ కాలమంతా యాత్రికులు ఎగువన ఉన్న ధర్మపురి నరసింహునికే ఎక్కువగా మొక్కారు.

2008లో కరీంనగర్‌లో పెట్టిన విశ్వవిద్యాలయానికి శాతవాహన పేరు వచ్చింది. ఆ పేరుకు ఆధారమైన దిబ్బకు మాత్రం అంత అదృష్టం పట్టలేదు. దిగువన కట్టిన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక జలాలు చాలా భాగాన్ని ముంచాయి. 2015 పుష్కరాలకు వచ్చినవారు స్నానం చేసి గుడి చూసి వెళ్లారు. తర్వాతి పుష్కరాలు 2027లో. కోట దిబ్బను కూడా చూడదలచినవారు నీటిమట్టం తగ్గే ఎండాకాలంలో రావడం మేలు.