బూడిదైనా లేస్తారా?

క్రీ.శ. 177. ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్ అప్పట్లో రోమన్ల ఏలుబడిలోని పెద్ద పట్నం. సింహాసనం మీద ఉన్నది తత్త్వవేత్తగా పేరుపడ్డ మార్కస్ అరీలియస్. ఆ ఏడాది అక్కడి క్రైస్తవులను పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. తొంభై దాటిన బిషప్ పోథినస్ దెబ్బలకు తాళలేక చెరసాలలోనే కన్నుమూశాడు. బ్లాందీనా అనే బానిస స్త్రీని వలలో చుట్టి ఎద్దు ముందుకు తోశారు.

రోమన్లకు చంపడం కొత్త కాదు. చంపిన తర్వాత చేసిన పనే వింత. శవాలను ఆరు రోజులు బయటే పడేసి కాపలా పెట్టారు. డబ్బిస్తామన్నా, కాళ్లావేళ్లా పడ్డా అయినవాళ్లకు ఇవ్వలేదు. ఆ తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. పాతిపెట్టడానికి ఏమీ మిగలకపోతే తిరిగి లేస్తామన్న ఆశా మిగలదని వాళ్ల లెక్క. బతికి బయటపడ్డవాళ్లు ఆసియా, ఫ్రుగియ సంఘాలకు రాసిన ఉత్తరంలో ఈ సంగతులన్నీ ఉన్నాయి. చరిత్రకారుడు యూసేబియస్ దాన్ని తన గ్రంథంలో చేర్చబట్టి మనదాకా వచ్చింది.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ అధికారులు క్రైస్తవుల నమ్మకాన్ని సగం సరిగ్గానే అర్థం చేసుకున్నారు. ఆత్మ చావదని చెబితే ఆ రోజుల్లో ఎవరూ నవ్వేవారు కాదు, ప్లేటో చెప్పిందీ అదే. దేహం చెర, చావు విడుదల అన్నది చదువుకున్న గ్రీకుకు వినసొంపైన మాట. క్రైస్తవులు చెప్పింది వేరు. సిలువ మీద చచ్చి సమాధిలో పెట్టబడ్డ యేసు దేహంతో లేచాడు, మేమూ అలాగే లేస్తాం అన్నారు. అపొస్తలుల కార్యములలో పౌలు ఏథెన్సులో మాట్లాడుతుంటే అందరూ చెవి ఒగ్గి విన్నారు, చచ్చినవాళ్లు లేవడం అన్న మాట రాగానే కొందరు ఎగతాళి చేశారు. రెండో శతాబ్దంలో క్రైస్తవాన్ని ఖండిస్తూ పుస్తకం రాసిన సెల్సస్‌కైతే ఇది పురుగులకు తగ్గ ఆశలా తోచింది. కుళ్లిన ఒంట్లోకి తిరిగి రావాలని ఏ ఆత్మ కోరుకుంటుందని అతని ప్రశ్న.

అనుమానం బయటివాళ్లకే కాదు. కొరింథు సంఘంలోనే మృతుల పునరుత్థానం లేదనేవాళ్లు ఉండేవారు. క్రీ.శ. 55 ప్రాంతంలో వాళ్లకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో పౌలు విత్తనాన్ని చూపించాడు. నేలలో వేసిన గింజ చస్తేనే మొలకెత్తుతుంది, వేసింది మాత్రం మొలకను కాదు, ఉత్త గింజనే. లేచే దేహం పాతిపెట్టిన దేహమే, అయినా ఆ రూపంలో ఉండదు. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసమే వ్యర్థమని అదే అధ్యాయంలో తెగేసి చెప్పాడు.

ఈ నమ్మకం మాటల్లో కాకుండా పనిలో ఎలా ఉండేదో చూడాలంటే రోము నగరం శివార్లలో నేల అడుగుకు వెళ్లాలి. ఊరి హద్దు లోపల శవాలను పాతడానికి రోమన్ చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే నగరం బయట అప్పియా, సలారియా వంటి రహదారుల పక్కన, నేల కింద సొరంగాలు తవ్వారు. అవే కాటకోంబ్‌లు. సినిమాల్లో చూపించినట్టు అవి దాక్కునే చోట్లు కావు, శ్మశానాలు. ఆ శ్మశానాలు ఎక్కడున్నాయో అధికారులకూ తెలుసు.

అక్కడి అగ్నిపర్వతపు రాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. దీపపు వెలుతురులో తవ్వేందుకు ప్రత్యేకంగా పనివాళ్లు ఉండేవారు. గోడలకు అరల్లా వరుసలు తొలిచి, ఒక్కో అరలో గుడ్డ చుట్టిన దేహాన్ని పడుకోబెట్టి, పెంకులతోనో పాలరాతి పలకతోనో మూసి సున్నం మెత్తేవారు. జాగా చాలకపోతే నేలను ఇంకా లోతుకు దింపేవారు. అందుకే చాలా చోట్ల పాత సమాధులు పైన, కొత్తవి కింద ఉంటాయి. పేదలకు పేరు చెక్కించే స్తోమత ఎక్కడిది? తడి సున్నంలో ఒక నాణెమో, గాజు పాత్ర అడుగు ముక్కో, చిన్నపిల్ల అయితే ఆడుకున్న బొమ్మో అదిమేవారు. చీకట్లో వచ్చినవాళ్లకు మన మనిషి ఇక్కడున్నాడని అదే గుర్తు.

నాలుగో శతాబ్దంలో రోములో చదువుకునే రోజుల్లో, తర్వాత బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్, ఆదివారాలు స్నేహితులతో కలిసి ఈ సొరంగాల్లోకి దిగేవాడట. అక్కడి చీకటి ఎంత భయపెట్టిందో ముసలితనంలో కూడా తలచుకుని రాశాడు.

గోడల మీది బొమ్మలు ఇంకో ఆశ్చర్యం. సిలువ వేసిన దృశ్యం తొలి బొమ్మల్లో ఎక్కడా లేదు. మళ్లీ మళ్లీ కనిపించేది యోనా. ఓడ నుంచి సముద్రంలో పడేయడం, భూతంలాంటి చేప మింగడం, చివరికి సొరపాదు నీడన హాయిగా పడుకోవడం. యోనా మూడు రోజులు చేప కడుపులో ఉన్నట్టు తాను భూగర్భంలో ఉంటానని యేసు చెప్పాడు కదా. పక్కనే సింహాల మధ్య దానియేలు, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు, గుడ్డపేలికలతో బయటికొస్తున్న లాజరు. చావు నోటిదాకా వెళ్లి వచ్చినవాళ్లే అందరూ. చనిపోయిన రోజును పుట్టినరోజుగా లెక్కపెట్టి, ఏటా ఆ తేదీన అమరవీరుల సమాధుల దగ్గర చేరేవారు.

మరి లియాన్ అధికారులకు సమాధానం? అది తొలినాళ్ల క్రైస్తవ రచయిత మినుసియస్ ఫెలిక్స్ రాసిన సంవాదంలో ఉంది. ఓస్తియా సముద్రతీరంలో ముగ్గురు మిత్రుల మధ్య వాదం. చితిని చూసి మీకు భయమెందుకని అన్యుడు వెక్కిరిస్తాడు. భయమేమీ లేదు, పాతిపెట్టడం పాత, మెరుగైన ఆచారం కాబట్టి పాటిస్తున్నామని క్రైస్తవుడి జవాబు. ఎండి దుమ్మైనా, బూడిదైనా, పొగైనా దేవుడి లెక్కలో పోయేదేమీ లేదంటాడు. 410లో రోము దోపిడీకి గురై శవాలు దిక్కులేకుండా పడి ఉన్నప్పుడు క్రైస్తవ వేదాంతి అగస్టీన్ కూడా ఇదే వాదించాడు. సమాధి బతికున్నవాళ్లకు ఊరట, చచ్చినవాళ్ల పునరుత్థానం దాని మీద ఆధారపడదు. నా మటుకు ఈ మాటే అసలైనది. ఒంటిని అంత శ్రద్ధగా పడుకోబెట్టింది దేవుడికి పని సులువు చేయడానికి కాదు, మనిషి మీద ప్రేమతో.

అయినా చితి గొడవ అక్కడితో తీరలేదు. 1876లో మిలాన్‌లో ఆధునిక దహనవాటిక వచ్చింది. దహనాన్ని ప్రచారం చేసినవాళ్లలో కొందరికి అది చర్చి నమ్మకం మీద సవాలు కూడా. దాంతో 1886లో కాథలిక్ చర్చి దహనాన్ని నిషేధించింది, 1963లో సడలించింది. నమ్మకాన్ని కాదనడానికి చేయనంతవరకు అభ్యంతరం లేదంది. 2016లో మాత్రం అస్థికలను ఇంట్లో దాచడం, గాలిలోనో నీటిలోనో కలపడం, నగల్లో పొదగడం తగదని, పవిత్ర స్థలంలోనే ఉంచాలని వాటికన్ స్పష్టం చేసింది.

తెలుగు క్రైస్తవుల్లో ఇప్పటికీ భూస్థాపనే మామూలు. ప్రభువునందు నిద్రించారని కార్డు వేసి, సమాధుల తోటకు మోసుకెళ్లి, మట్టి వేస్తారు. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లేదీ అక్కడికే. పట్నాల్లో ఇప్పుడు చోటు కరువైంది. పాత సమాధినే తెరిచి, మిగిలిన ఎముకలు పక్కకు సర్ది, అదే కుటుంబంలోని మరొకరిని దించుతున్నారు.