వింటి నడుము: మన్యపు విల్లు మొదలు నేటి రైజరు వరకు

రాయగడకు చేరువనున్న జేకేపూరు కాగితపు మిల్లువలన ఏర్పడిన ఊరు. 1962లో మిల్లు వెలసినప్పుడు దానికి ముఖ్యమైన ముడిసరకు వెదురు. ఆ సీమ 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందినది. పిదప ఒరిస్సాలోని కొరాపుట్టు జిల్లాలో చేరి, 1992లో రాయగడ జిల్లాగా వేరుపడినది. కాగితము కాకమున్నే అచ్చటి వెదురు విల్లై యుండెను. వెదురును చిన్న అటవీ ఫలసాయములలో చేర్చి, అడవిని నమ్ముకొన్నవారికి దానిపై హక్కును గుర్తించిన చట్టము 2006లోగాని రాలేదు. అనగా మిల్లు వచ్చిన నలువది నాలుగేండ్లకు! విల్లు చరిత్రను రాజుల కథలలో వెదకుట మనకలవాటు. కలపలో వెదకుట మేలని నా తలంపు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారమును గూర్చిన ప్రకరణమందు, విండ్లు తాటిమ్రానితోను, చాపమను ఒక జాతి వెదురుతోను, కొయ్యతోను, కొమ్ముతోను చేయుదురని కలదు. నారికి చెప్పిన ద్రవ్యములలో మూర్వ, జిల్లేడు, జనుము, నరములతోపాటు వెదురును కలదు. వెదురుబద్దనే నారిగా కట్టుట భిల్లులు, సంతాలులు మొదలగువారియందును కాననగును. కావున కొండవాని విల్లును మోటుపనియని తీసివేయుట తగదు. రాజశాస్త్రమునకెక్కిన విద్యయే అతని చేతిలో నిలిచినది.

అమరసింహుడు తన కోశమున వింటి కొసలకు అటని యనియు, నడిమి భాగమునకు లస్తకమనియు వేరువేరు పేర్లు పెట్టెను. పట్టుకొను చోటు వంగు చోటుకంటె వేరని మన పూర్వులెరుగుదురు. ఒక్క బద్దతో చేసిన వింటిలో నడుమ మందముగా విడిచి, కొసలవైపు సన్నగా చెక్కుటచే ఈ భేదము సిద్ధించును. కొసలు ముందునకు తిరిగిన నేటి రికర్వు వింటిలోనో, లస్తకమే వేరు వస్తువైనది. దానినే రైజరందురు. పై బద్దను క్రింది బద్దను దానికి మరలతో బిగింతురు. బద్దలు వంగవలెను, రైజరు వంగరాదు.

ఇంట రైజరు చేసికొన నెంచు క్రొత్తవాడు పొరపడునది ఇచ్చటనే. తడచెట్టునకు సంస్కృతమున ధనుర్వృక్షమని పేరు. వంగియు విరుగని గుణము దానికి ప్రసిద్ధము. ఆ పేరు విని దానినే పిడికి తెచ్చుట, బద్దలకు కావలసిన గుణమును నడుమునకు అంటగట్టుటయగును. నడుమునకు వలసినది బిగువు, బరువు, మరను విడువని గట్టిదనము. మన అడవుల కలపలలో వేగిస, ఇరుగుడు ఇందుకు తగినవి. గుగ్గిలము బలమైనదే కాని ఆరునప్పుడు పగులును, మెలిదిరుగును. టేకు తేలికయైనను ఆకృతి చెడదు. దానిలోని నూనెవలన జిగురు సరిగా పట్టదు గాన అతుకుటకు ముందు స్పిరిటుతో తుడువవలెను. మామిడి మెత్తన, మరలు వదులగును. అడవికి పోనక్కరలేదు: పాత ఇండ్లు విప్పినప్పుడు వచ్చు ద్వారబంధములు ఏండ్ల తరబడి ఆరినవి, చవుకైనవి. మేకులు దిగిన చోట్లు మాత్రము విడువవలెను.

జాతికంటె పొర ముఖ్యమని నా నిశ్చితాభిప్రాయము. బాణము ప్రక్కగా పోవుటకై రైజరును ఒకచోట లోతుగా కోయుదురు. అచ్చట మిగులు కలప మిక్కిలి సన్నము. పొర ఏటవాలుగానున్నను, ముడియున్నను అచ్చటనే చీలును. చీలిననాడు నారి బిగువంతయు ముక్కలను మొగముమీదికి విసరును. పరీక్ష సులభము. నున్నచేసిన చెక్కపై ఒక సిరాచుక్క విడిచిన, అది పొరవెంబడి ప్రాకును. ఆ గీత చెక్క అంచునకు సమాంతరముగా పోయిన తీసికొనవచ్చును. అంచువైపు మరలిన ఎంత అందమైన ఇరుగుడునైనను విడువవలెను. ఒకే దుంగకు బదులు మూడు పలకలనతికిన ఒకదాని లోపమును మరియొకటి కాచును. తొలి రైజరునకు ఇరువది పౌనుల బిగువుగల బద్దలు చాలును. అంతకు మించినవానిని, అది కొన్ని నెలలు చీలక నిలిచిన పిదప బిగించుకొనవచ్చును.