ఈమెయిల్ రిలే: తలుపులు మూసుకున్న కాలం

ఒక మెయిల్ సర్వర్ తనవారిది కాని ఉత్తరాన్ని అందుకుని, తనవారు కాని మరొకరికి చేరవేయడాన్ని రిలే అంటారు. నేడు దీన్ని భద్రతాలోపంగా లెక్కిస్తారు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఈమెయిల్ రవాణాకు రాసిన నియమావళిలో మాత్రం ఇదొక ముఖ్యమైన సౌకర్యం. అప్పటి నెట్‌వర్కులన్నీ ఒకదానితో ఒకటి నేరుగా కలిసినవి కావు. కొన్ని యంత్రాలు అప్పుడప్పుడు టెలిఫోను ద్వారా మాత్రమే పలకరించుకునేవి. దారిలోని సర్వర్ బాటసారులకు సత్రంలా ఉండక తప్పలేదు. వచ్చినవాడెవరో నిర్ధారించుకునే ఏర్పాటు ఆ నియమావళిలో లేదు.

పోస్టెల్ అమాయకుడేమీ కాదు. అక్కరలేని సందేశాలను నిరాకరించే ఉపాయం కంప్యూటర్లకు లేదని 1975లోనే ఒక చిన్న పత్రం రాశాడు. 1978 మేలో డెక్ సంస్థ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ అర్పానెట్‌లో కొన్ని వందలమందికి కంప్యూటర్ల ప్రకటన పంపినప్పుడు మందలింపుతో సరిపోయింది. అందరూ అందరినీ ఎరిగిన ఊరది.

1990లలో ఆ ఊరు మహానగరమైంది. మామూలు మోడెం ఉన్న వ్యాపారి ఒక ప్రకటననూ వంద చిరునామాలనూ ఎవరిదో సర్వరుకు అప్పగిస్తే చాలు, వంద నకళ్ళు తీసి పంచే శ్రమా ఖర్చూ ఆ సర్వరువే. చేరని ఉత్తరాలు తిరిగివెళ్ళేది, ఎవరి చిరునామాను దొంగిలించి పంపినవాడిగా చూపారో ఆ మూడో మనిషికి. తనలో లక్షణాలేవీ కనబడకుండా వ్యాధిని ఇతరులకు అంటించే మనిషికి మల్లే, ఆ సర్వరు యజమానికి ఫిర్యాదులు ముంచెత్తేదాకా ఏమీ తెలిసేది కాదు.

1998లో, విస్తారంగా వాడుకలో ఉన్న సెండ్‌మెయిల్ తన 8.9 వెర్షన్‌లో రిలేను మొదటినుంచే మూసి ఉంచింది. ఉత్తరం మనవారికి రావాలి, లేదా మనవారినుంచి వెళ్ళాలి. నియమం తేలికే, మనవారెవరన్నదే చిక్కు. అంతవరకూ దాన్ని చెప్పింది నెట్‌వర్క్ చిరునామా. ఊరు దాటి హోటలు గదినుంచి ఉత్తరం రాసిన ఉద్యోగి తన సంస్థ సర్వరుకే పరాయివాడయ్యాడు. పాస్‌వర్డుతో గుర్తింపు చూపించే పద్ధతి 1999 మార్చిలో ప్రమాణంగా వెలువడింది.

అందరూ దీనికి తలొగ్గలేదు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకడైన జాన్ గిల్మోర్, ప్రయాణాల్లో ఉన్న మిత్రులకు ఉపయోగపడుతుందంటూ తన సర్వరును తెరిచే ఉంచాడు. అతనికి ఇంటర్నెట్ సేవ అందించిన వెరియో సంస్థ 2001లో అభ్యంతరం చెప్పింది. అతని వాదనను మొండితనమని కొట్టిపారేయలేం. సర్వర్లను నిషేధ జాబితాలకెక్కించేవారు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న అప్పటికి న్యాయమైనదే. అయితే సత్రం తెరిచింది అతనైనా, అలాంటి సత్రాల ఖర్చు భరించింది ముక్కూమొహం తెలియని జనం.

స్పామర్లు ఈ తగవు తేలేదాకా ఆగలేదు. 2003లో వ్యాపించిన సోబిగ్ వైరస్‌తో, తెరిచిన సర్వర్లను వెతికే అవసరం తగ్గింది. అది సోకిన ఇంటి కంప్యూటర్లే వాళ్ళ ఉత్తరాలను మోయసాగాయి.