కుండ కాదు, మడకే

పోయిన ఎండాకాలం మా ఇంటి వెనక వంకలో సున్నం కొట్టిన రాళ్లు లేచాయి. గట్టు రాళ్లేమో అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే ఒక్కో రాయి మీదా ఒక నంబరు. సైట్లు, ముప్పై బై నలభైవి. వంక నడుమ నిలబడి కొలతలు చూపిస్తున్న మనిషిని “వానాకాలం నీళ్లెటు పోతాయప్పా?” అని అడిగాను. “ఇది పావగడ సార్. తాగేదానికే నీళ్లు లేవు, వరదెక్కడిది?” అన్నాడు.

ఆ మాట అతనొక్కడిదే అయితే ఇంత బాధ ఉండేది కాదు. కరువు, ఫ్లోరైడు, తిరుమణి వైపు సోలార్ పలకలు: కర్ణాటకలో, ఆంధ్ర హద్దున ఉన్న మా పావగడ తాలూకా గురించి బయటివాళ్లు రాసేదంతా ఈ మూడింటితో సరి. సోలార్ పార్కు 2050 మెగావాట్లని, 13 వేల ఎకరాలని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఏ వంక ఏ చెరువులో కలుస్తుందో చెప్పేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్లు దాటని వాన మాది. ఆ వాన కూడా నెమ్మదిగా కురవదు. ఏ ఆశ్వయుజంలోనో కొద్ది రాత్రుల్లోనే చాలా భాగం కురిసిపోతుంది. కరువు సీమలో వరద లేదనేది నేల ఎరగనివాళ్ల మాట.

నేల ఎరగని మాటంటే, మా తాలూకాలోనే పెన్న ఒడ్డున ఉన్న నాగలమడక ఊరి పేరు మీద నడుస్తున్న వాదులాట కూడా నాకు గుర్తొస్తుంది. కన్నడంలో మడికె అంటే కుండ కాబట్టి అది నాగుల కుండ అని ఈ మధ్య కొందరు అర్థం చెబుతున్నారు. పుస్తకాల కన్నడం ముందు పెట్టుకుని చెప్పిన అర్థమిది. మా ఇళ్లలో మడక అంటే ఏమిటో పొలం మొహం చూసిన ఎవరినడిగినా చెబుతారు. తొలకరికి ఎద్దులను కట్టి దున్నేది మడక. నాగలి అనేది మాకు బడి పుస్తకంలో మాట, నోటికొచ్చేది మడకే. ఈ వైపు కన్నడ రైతులకు కూడా మడకె సేద్యపు పనిముట్టే.

స్థలపురాణం ఏం చెబుతుందో చూడండి. ఏటా కుక్కె సుబ్రహ్మణ్యానికి నడిచిపోయే భక్తుడు ముసలివాడై ఇక నడవలేకపోతే, స్వామి కలలో కనబడి పెన్న ఒడ్డునే ఉన్నానన్నాడు. అక్కడ దున్నుతుంటే కర్రుకు నాగశిల తగిలింది. కుక్కె ఆది, ఘాటి మధ్య, నాగలమడక అంత్యం అని మనం చెప్పుకునే వరస ఆ కథ మీదే నిలబడింది. ఈ కథలో కుండకు చోటెక్కడ? పురాణాన్ని చరిత్ర అనమని నేను అడగడం లేదు. కానీ ఆ కథ కట్టినవాళ్ల కళ్ల ముందున్న ఏటి ఒడ్డు ఎలాంటిదో అందులో దొరుకుతుంది. ఇళ్లు లేవు, వీధులు లేవు. ఒండ్రు నేల, జత ఎద్దులు, ఒక మడక. ఏరు పొంగితే ఎద్దులను తోలుకుని మిట్టకెక్కుతారు, తగ్గితే మళ్లీ వచ్చి దున్నుకుంటారు. ఏటి పక్క నేల ఎందుకు పనికొస్తుందో ఊరి పేరులోనే ఉంది. మడక అంటే కుండ అని ఒప్పుకుంటే ఈ సాక్ష్యం పోతుంది, అందుకే నేను ఒప్పుకోను.

ఇక పెన్న. నంది కొండల వైపు పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం సీమలోకి దిగుతుంది. పరిగి దగ్గర జయమంగళిని కలుపుకుని, తిరిగి కర్ణాటకలోకి, మన నాగలమడకకు వస్తుంది. అక్కడి నుంచి మళ్లీ ఆంధ్రలో పేరూరు డ్యాంకు పోతుంది. ఇంత కొద్ది దూరంలో మూడుసార్లు హద్దు దాటే ఏరు ఇది. నంది కొండల్లో వాన పడిందన్న కబురు మన దాకా రావాలంటే రెండు రాష్ట్రాల కచేరీలు దాటాలి. నీళ్లకు ఆ అక్కర లేదు.

హద్దు మీది నీళ్లతో వచ్చే ఈ చిక్కు 650 ఏళ్ల కిందటే ఒక రాతి మీద ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, శక సంవత్సరం 1291, అంటే 1369. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పెట్టి ఆ చెరువును రెండేళ్లు కట్టారట. సుక్తంకర్ దాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చు వేయించారు. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండని, చెరువుకు పట్టే దోషాలు ఆరని ఆ శాసనం లెక్క చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల హద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం.

మూడో దోషాన్ని చాలామంది యుద్ధభయంగా చదువుతారు. హద్దులో చెరువు కడితే పగవాడు కట్ట తెంచుతాడని. అది సగం అర్థమేనని నా వాదన. కట్ట ఒకరిది, పైనీళ్లు ఇంకొకరివి అయినప్పుడు మరవ (అలుగు) ఎంత ఎత్తు పెట్టాలో, తూము ఎప్పుడు ఎత్తాలో ఎవరు తేలుస్తారు? 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం చూస్తే ఈ దోషం ఎంత గట్టిదో తెలుస్తుంది. జాబితాకెక్కిన నదుల మీద మద్రాసును అడగకుండా మైసూరు కొత్తగా చెరువు కట్టకూడదన్నారు. ఆ జాబితాలో ఉత్తర పినాకిని, మన పెన్న, ఉంది. పంటకు నీళ్లు ఎవరివన్నదాని మీద అంత పట్టుదలగా రాసుకున్నారు. వరద నీళ్లు ఎవరివన్నదాని మీద అంత పట్టుదల నాకెక్కడా కనబడలేదు.

ఐదో దోషం, నీరు తక్కువ నేల ఎక్కువ, మన తాలూకా ముఖాన రాసి ఉన్నదే. దాన్నే చూసి అలవాటుపడి ఆరోదాన్ని మరిచాం. పదేళ్లకో పదిహేనేళ్లకో ఆరోది కూడా మన ఇంటికే వస్తుంది.

పాతవాళ్లు ఈ రెండింటికీ ఒకే మందు వేశారు. పై చెరువు మరవ పారితే ఆ నీళ్లు వంకలో దిగి కింది చెరువు నింపాలి. అది నిండితే దాని కిందిది. ఈ గొలుసు మైసూరు సీమంతటా ఎంత చిక్కగా ఉందంటే, ఇంకో కొత్త చెరువుకు చోటు వెతకడానికి చాలా నేర్పు కావాలని 1866లో మైసూరు చీఫ్ ఇంజనీరు శాంకీ రాశాడు. కట్ట బాగోగులు చూసినవాళ్లకు దశబంధ మాన్యాలు ఇచ్చారు. తూము ఎత్తడం, మరవ దగ్గర రాత్రంతా కాపు కాయడం నీరుగంటి పని. వంకలో ముళ్లకంప వేసినా, గట్టు జరిపినా పంచాయితీలో నిలబెట్టేది అతనే. ఊరు మిట్టన, చెరువు దిగువన, నడుమ వంక ఖాళీగా. పావగడ కూడా కొండను ఆనుకుని పుట్టిందే, వంకను ఆనుకుని కాదు. శనిమహాత్ముడి దర్శనానికి వచ్చేవాళ్లు ఒకసారి తల ఎత్తి కోట వైపు చూస్తే చాలు. నీరుగంటికి జీతం తప్ప పేరు లేదు. మన చరిత్రలు రాసినవాళ్లు పాళెగాళ్ల వంశవృక్షాలకు పేజీలు పేజీలు ఇచ్చి, అతనికి ఒక వాక్యం ఇవ్వలేదు. ఇది నాకు ఎప్పటికీ ఉండే కోపం.

ఇప్పుడు చట్టాలున్నాయి. వరద మైదానాలను మండలాలుగా విడదీయాలని 1975లోనే కేంద్రం ఒక నమూనా బిల్లు రాసి రాష్ట్రాలకు పంపింది. నూరేళ్లకోసారి వచ్చే వరద మట్టానికి పైన ఆసుపత్రులు, కరెంటు స్టేషన్లు ఉండాలని, పాతికేళ్లకోసారి వచ్చేదానికి పైన ఇళ్లు, ఆఫీసులు ఉండాలని, అంతకు కిందిది తోటలకు, ఆట మైదానాలకు వదలాలని ఆ పద్ధతి. అంటే నాగలమడక పేరులో ఉన్నదే. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో, ఉత్తరాఖండ్ 2012లో చట్టం చేసుకున్నాయి. కర్ణాటక చేయలేదు, ఆంధ్ర చేయలేదు. హద్దుకు రెండు వైపులా ఈ విషయంలో తేడా లేదు. చెరువుల వరకు కర్ణాటకలో 2014 చట్టం ఉంది. చెరువు హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడం కూడదని అది వచ్చినప్పుడు చెప్పింది. వంకలు, రాజకాలువలు రెవెన్యూ లెక్కల్లో ‘బి’ ఖరాబు, అంటే ఊరందరి నేల. దాన్ని సైట్లు చేసి అమ్ముకునే హక్కు ఏ ప్రైవేటు మనిషికీ లేదు. కాగితం ఇంత గట్టిగా ఉన్నా వంకలో నంబరు రాళ్లు లేస్తున్నాయంటే, లేనిది నీరుగంటే. మరవ దగ్గర నిలబడి అడిగే మనిషి లేడు.

2022 వానలు గుర్తున్నాయి కదా. అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలే మునిగాయి. అక్కడ కూడా అంతకు ముందు “అనంతపురానికి వరదా?” అన్నవాళ్లే అందరూ. అదే ఏడు మా చెల్లెలు కొత్తగా కట్టుకున్న ఇంట్లోకి అర్ధరాత్రి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ బురద. తెల్లవారి ఆమె తలుపు నుంచి వెనక్కి నడుచుకుంటూ పోయాను. గోడల మధ్య, రోడ్డు కింద, మెట్టల పక్కన ఆ నీళ్లు వచ్చిన జాడ నేరుగా పై చెరువు మరవకు చేరింది. అమ్మినవాళ్లు అది వంక అని చెప్పలేదు. కొనేటప్పుడు అడగాలని మాకూ తోచలేదు. ఊరి చరిత్ర రాస్తానని తిరిగే నాకు కూడా తోచలేదు, అది నా తప్పు.

కాబట్టి పావగడలో గానీ, వై.ఎన్. హొసకోట, నాగలమడక వైపు గానీ సైటు చూస్తున్నవాళ్లందరికీ నాదొక మనవి. పహణి ఒక్కటే చూసి బయానా ఇవ్వకండి. సర్వే ఆఫీసులో ఊరి నక్షా నకలు తీయించండి. అందులో వంక గీత ఎటు పోతుందో వేలు పెట్టి చూడండి. గీత చెరిగిపోయి ఉంటే పక్క పొలం ముసలాయన్ని అడగండి, మరవ నీళ్లు ఎటు పారేవో ఆయనకు తెలుసు. మా ఇంటి వెనక వంక నకలు నా దగ్గర ఉంది. వచ్చి చూసుకోవచ్చు.