మార్లవాయి బడి
1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో చూడమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. కొద్దోగొప్పో మరాఠీ చదవగలిగిన గోండు యువకులే అక్కడ పంతుళ్లయ్యారు. వాచకాలు గోండీలో, దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. సర్కారు భయంతోనే చేసిందనుకోండి. అయినా పంతులు మనవాడు, పండుగకీ పంచాయితీకీ మన పక్కనే కూర్చునేవాడు. తల్లిదండ్రులను బడికి వేరే పిలవాల్సిన పనేముంది?

తర్వాత ఆశ్రమ పాఠశాలలొచ్చాయి. తిండీ బట్టా దొరికాయి, పిల్లలు గూడెం దాటారు, బడి మాట తెలుగైంది. బడి కమిటీలో ముప్పావువంతు తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అన్నది. మంచిదే. ఏ భాషలో మాట్లాడుకోవాలో మాత్రం చెప్పలేదు. గోండీ తప్ప మరోటి రాని తల్లి కమిటీలో కూర్చుని, వేలిముద్ర వేసి ఇంటికొస్తుంది.